రెండు ఓముల అబద్ధం

మా అమ్మాయి కారులో ఆ దీపం ఆర్పింది నేనే. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచిపెట్టి, అప్పుడు బయటపెట్టి మీచేత అయ్యో అనిపించుకునే తెలివితేటలు నాకు లేవు. ఉన్నా, వాటిని వాడుకునే ఓపిక ఇప్పుడు లేదు.

నా పేరు గోవాడ పిచ్చయ్య. బెజవాడ ఆటోనగర్‌లో మూడో రోడ్డు చివర నాది కార్ల వైరింగు షాపు. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఇదే పని. దీపాల పిచ్చయ్య అంటే అక్కడ ఎవరైనా చూపిస్తారు. దీపాలు వెలిగించినందుకు కాదు ఆ పేరు, ఆర్పినందుకు.

కారు తాళం తిప్పగానే స్టీరింగు వెనక బోర్డు మీద ఎర్రగా ఒక బొమ్మ వెలుగుతుంది, చూసే ఉంటారు. కూర్చున్న మనిషి, అతని ముందు ఒక గుండ్రటి బంతి. అది ఎయిర్‌బ్యాగు దీపం. ఆరు సెకన్లు వెలిగి ఆరిపోతే అంతా సవ్యంగా ఉన్నట్టు. ఆరకపోతే ఎక్కడో తేడా చేసినట్టు. ఆ దీపాన్ని నడిపేది గేరు రాడ్డు దగ్గర నేలకు బిగించిన అరచేతంత పెట్టె. బండి గోతిలో పడిందా, గోడకు గుద్దుకుందా అన్నది మనం కన్ను మూసి తెరిచేలోపే ఆ పెట్టె తేల్చుకోవాలి. గుద్దుడే అని తేలితే, స్టీరింగులో మడిచిపెట్టిన సంచికి నిప్పు అందిస్తుంది. మందు అంటుకుని, గ్యాసు పుట్టి, సంచి విచ్చుకుని, మన తల ముందుకొచ్చేసరికి ఎదురు నిలబడుతుంది. బ్యాటరీ నుజ్జునుజ్జయినా ఆ ఒక్క పనికి సరిపడా కరెంటును పెట్టె కడుపులో దాచుకుని ఉంటుంది. నేను ఎన్నో యంత్రాలు చూశాను గానీ ఇంత బుద్ధిగలదాన్ని చూడలేదు.

అయితే ఒకసారి విచ్చుకున్న సంచి మళ్ళీ పనికిరాదు. కొత్తది వేయించమంటే బండి యజమాని మొహం మాడ్చుకుంటాడు. "సంచి సంగతి తర్వాత చూద్దాంలే పిచ్చయ్యా, ముందు ఆ దీపం ఆర్పు" అంటాడు. పెట్టె ఊరుకోదు. తాళం తిప్పిన ప్రతిసారీ వైరులోకి పిసరంత కరెంటు పంపి, సంచి ఉందా లేదా అని తడిమి చూసుకుంటుంది. సంచి ఉంటే కరెంటుకు రెండు ఓములకు అటూ ఇటూగా అడ్డు తగులుతుంది. అందుకని మేం సంచి తీసేసిన చోట సరిగ్గా రెండు ఓముల రెసిస్టర్ ముక్క ఒకటి పెడతాం. వేరుశెనగ గింజంత ఉంటుంది. పెట్టె తడిమి చూసుకుని, సంచి ఉందనుకుని, దీపం ఆర్పేస్తుంది. యజమాని నవ్వుతూ వెళ్ళిపోతాడు. ఇది ఆటోనగర్‌లో తప్పు కాదు, పని.

ఆ రెసిస్టర్లకు కాళ్ళు వంచి, టేపు చుట్టి, బిస్కెట్ల డబ్బాకు ఎత్తేది మా ఆవిడ సామ్రాజ్యం. మధ్యాహ్నం పూట టీవీ ముందు కూర్చుని చుట్టేది. పసుపు రంగు టేపు. చివరి కొసను లోపలికి ఒక చిన్న మడత మడిచేది, మళ్ళీ విప్పాల్సివస్తే గోరు పడాలని. ఆ మడత ఇంకెవరూ పెట్టరు.

మా ఝాన్సీ ఇంజినీరింగు చదివేటప్పుడు ఒకరోజు ఆ డబ్బా చూసింది. ఒక్కతే కూతురు. నా స్టూలు మీద కూర్చుని టెస్టు ల్యాంపుతో ఆడుకుంటూ పెరిగిన పిల్ల. ఏంటివి అని అడిగింది. నేను గొప్పగా చెప్పాను. విన్నంతసేపు విని, డబ్బా మూత పెట్టేసింది.

"రేపు ఆ బండి గుద్దుకుంటే ఏంటి నాన్నా?"

"గుద్దుకోదులేవే. ప్రతి బండీ గుద్దుకుంటదా ఏంది?"

"గుద్దుకుంటే?"

అది నా చెయ్యి లాక్కుని తన నడినెత్తిన పెట్టుకుంది. "నా మీద ఒట్టెయ్. ఇంకెప్పుడూ పెట్టనని."

ఒట్టేశాను. మూడు నెలలు మానేశాను కూడా. ఆ మూడు నెలలూ నా దగ్గరికొచ్చే బండ్లు పక్క షాపుకు పోయాయి. మళ్ళీ మొదలెట్టాను. అది కాలేజీకి పోయాక సామ్రాజ్యం డబ్బా తీసేది, వచ్చేలోపు పరుపు కింద పెట్టేసేది. ఇద్దరం కలిసి కన్నకూతురి దగ్గర దొంగలమయ్యాం.

తర్వాత ఝాన్సీ పెద్ద చదువులు చదివింది. గన్నవరం అవతల ఒక ప్రయోగశాలలో ఉద్యోగం. అక్కడ చేసేది ఏమిటనుకుంటున్నారు? ఎయిర్‌బ్యాగు పెట్టెలే. నేను ఏ పెట్టెను మోసం చేస్తున్నానో, నా కూతురు దానికి ఇంకా తెలివి నేర్పుతోంది. దేవుడికి ఇలాంటి వేళాకోళాలంటే ఇష్టం లాగుంది.

పెట్టెకు గుద్దుడు తెలిసే లోపే ఎంతో కొంత సమయం పోతుంది కదా, ఆ పోయే కాలాన్ని తగ్గించాలని వాళ్ళ తపన. ఝాన్సీ ఒక కొత్తరకం స్ఫటికం పెంచింది. చూడటానికి కలకండ ముక్కలా ఉంటుంది. గుద్దుడు తగిలిన క్షణంలో దాని బలం, వేగం, సంచి సంగతి, బెల్టు సంగతి అన్నీ పెట్టె ఆ స్ఫటికం మీదే రాస్తుంది. ఆ రాత చెరగదు. పట్టాల మీద చిన్న బండి పెట్టి, దాన్ని గోడకేసి కొట్టి, స్ఫటికం ఏం రాసిందో చూస్తున్నారు. చూస్తే లెక్క తప్పింది. గోడకు తగలకముందే రాత పడుతోంది. కన్ను ఆర్పినంత ముందు.

గడియారాలు మార్చారు. వైర్లు మార్చారు. చివరికి ఝాన్సీ నన్ను పిలిచింది. "నాన్నా, ఎర్తు లోపం ఉందేమో ఒకసారి వచ్చి చూడవా. మావాళ్ళందరూ పుస్తకాలు చదివినోళ్ళు, వైరు ముట్టుకున్నోళ్ళు కాదు."

ఆ మాటకు నేను గాల్లో తేలిపోయాను. ఉతికిన చొక్కా వేసుకుని, నా టెస్టు ల్యాంపు జేబులో పెట్టుకుని వెళ్ళాను. రెండు రోజులు ప్రతి వైరూ తడిమాను. ఎర్తు అద్దంలా ఉంది. లోపం ఎక్కడా లేదు.

అప్పటిదాకా వాళ్ళు వాడింది ఆవగింజంత స్ఫటికం. మూడో రోజున పెసరగింజంతది బిగించారు. బండి ఇంకా కదలనే లేదు, స్ఫటికం మీద రాత పడిపోయింది. నాలుగు నిమిషాల తర్వాత గుద్దుడు అని, బలం ఇంత అని.

"ఆపండి, అందరూ చేతులు తీసేయండి" అని ఝాన్సీ అరిచింది. మెయిన్ కట్టేశారు. బండి పట్టాల మీద కదలకుండా నిలబడింది. మూడు నిమిషాలు. అందరూ గోడ గడియారం వంక బిక్కచచ్చి చూస్తున్నారు. వాళ్ళ పెద్దాయన డాక్టర్ నీలకంఠం గారు టీ గ్లాసు కింద పెట్టి తలుపు దాకా వెనక్కి జరిగారు. నాకు చిర్రెత్తింది. ఒక గాజుముక్కకు ఇంత భయమా?

"తప్పుకోండయ్యా" అని, పైన వేలాడే చైన్ బ్లాకు కొక్కెం తెచ్చి బండికి తగిలించి, గొలుసు లాగి దాన్ని నాలుగడుగుల ఎత్తుకు లేపేశాను. "ఇప్పుడు దేనికి గుద్దుకుంటదో చూద్దాం" అన్నాను.

నాలుగో నిమిషానికి కొక్కెం జారింది. బండి నేలకు పడింది. గచ్చు పగిలింది. ఎంత బలంతో పడుతుందని ముందే రాత పడిందో అంతే బలంతో పడింది, వెంట్రుకవాసి తేడా లేకుండా.

ఝాన్సీ మెల్లగా నా దగ్గరికొచ్చింది. "నువ్వు లేపకపోతే పడేది కాదు నాన్నా" అంది.

"కొక్కెం నాలిక అరిగిపోయిందే. నూనె పెట్టి ఎన్నాళ్ళయిందో."

"అది కాదు. నువ్వు లేపుతావని కూడా లెక్కలో ఉంది. ఆపుదామని లేపావు కదా, అదీ లెక్కలో ఉంది."

"గాజుముక్కకి నా లెక్కేం తెలుసే, నీ పిచ్చి కాకపోతే" అని నవ్వేశాను. అది నవ్వలేదు. ఇంటికి వచ్చేటప్పుడు మాత్రం, ఎవరితో అనొద్దని మాట తీసుకుంది. ఆ మాట నిలబెట్టుకున్నాను. నేను నిలబెట్టుకున్న మాట అదొక్కటే.

ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో అది కారు కొనుక్కుంది. పాతదే, తెల్లది. రోజూ దాన్లోనే గన్నవరం పోయి వచ్చేది. మాఘమాసంలో ఒక వారం పూణేలో పని పడి, కారు ఇంటి దగ్గర పెట్టి రైలెక్కింది.

మంగళవారం పొద్దున సామ్రాజ్యం రైతుబజారుకు పోదామంది. బయట ఎండ అప్పుడే చురుక్కుమంటోంది, కారు తీద్దామన్నాను. పదిన్నర అయి ఉంటుంది. తాళం తిప్పాను. ఎర్రబొమ్మ వెలిగింది. ఆరు సెకన్లు గడిచాయి. ఆరలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో వాళ్ళందరి దీపాలూ ఆర్పేవాడి కూతురు, ఈ దీపం వేసుకుని రోడ్డు మీద తిరగాలా? బజారుకు పోలేదు, తిన్నగా షాపుకు తోలాను. స్కానర్ తగిలించాను. అద్దం మీద ఇంగ్లీషులో బారెడు చిట్టా వచ్చింది, పైన మాత్రం క్రాష్ డేటా ఉందని వచ్చింది. నవ్వొచ్చింది. బండికి గీత కూడా పడలేదు, గుద్దుడు ఎక్కడిది?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ చిట్టాను మేం ఎవరమూ చదవం. ఎంత వేగం, ఏ పూట, బ్రేకు తొక్కాడా లేదా, అవన్నీ ఇన్సూరెన్సువాళ్ళ గొడవ. మాకు కావాల్సింది కింద ఉండే తుడుపు మీట. చిట్టా వచ్చీ రాగానే వేలు దాని మీదకి పోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళ అలవాటు. మీట నొక్కాను. దీపం ఆరింది. తాళం తీసి మళ్ళీ తిప్పాను. వెలిగింది. మళ్ళీ నొక్కాను. మళ్ళీ వెలిగింది. మూడుసార్లు. మూడుసార్లూ చదవలేదు.

అనుమానం సంచి మీదా పెట్టె మీదా తేలాలంటే, సంచి వైరు ఊడబీకి రెసిస్టర్ పెట్టి చూడటం పద్ధతి. పెట్టాను. డబ్బాలోంచి తెచ్చి షాపు సొరుగులో పోసుకున్నవాటిలో చేతికొచ్చింది ఒకటి, పసుపు టేపుది. అప్పటికి మధ్యాహ్నం నాలుగయింది. దీపం ఆరలేదు. అంటే సంచి బాగానే ఉంది, పెట్టెకే పిచ్చి పట్టింది అనుకున్నాను. కొత్త పెట్టె కోసం ఫోన్ చేస్తే రెండు వారాలు పడుతుందన్నారు.

అప్పుడు రెసిస్టర్ తీసేసి సంచి మళ్ళీ తగిలించాల్సింది. తగిలించబోయాను కూడా. చేతిలో ప్లగ్గు ఉంది. పిచ్చిపట్టిన పెట్టె కదా, ఏ వారధి మీదో పోతుండగా ఊరికే సంచి పేల్చితే? నా బిడ్డ మొహం మీద పేల్చితే? కొత్త పెట్టె వచ్చేదాకా సంచి లేకపోతేనే నయం అనుకున్నాను. ఒట్టు గుర్తుకు రాకపోలేదు. ఇది దాని మేలుకే కదా, దీనికి ఆ ఒట్టు వర్తించదని నాకు నేనే తీర్పు ఇచ్చుకున్నాను. రెసిస్టర్ అలాగే ఉంచి స్టీరింగు బిగించేశాను. దీపం వైరును తెంపి బ్యాటరీ చార్జింగు దీపం వైరుకు కలిపేశాను. ఇప్పుడు తాళం తిప్పితే వెలుగుతుంది, ఇంజను స్టార్టు కాగానే ఆరిపోతుంది. చూసినవాడు ఎవడూ కనిపెట్టలేడు. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను, సిగ్గులేని వెధవని.

ఆదివారం ఝాన్సీ వచ్చింది. సోమవారం నుంచి మళ్ళీ కారులో పోవడం మొదలెట్టింది. నేను వరండాలో పేపరు పట్టుకుని ఓరకంట చూసేవాణ్ణి. అది ఇంజను స్టార్టు చేసి, కాసేపు కదలకుండా కూర్చునేది. ఆ తర్వాత చెయ్యి ఊపి వెళ్ళేది. దీపం సంగతి కనిపెట్టలేదులే అని సంతోషించాను.

శుక్రవారం సాయంత్రం ముగ్గురం కలిసి పెందలాడే భోజనానికి కూర్చున్నాం. దోసకాయ పప్పు, ఊరమిరపకాయలు. ఝాన్సీ ఆ పూట మంచి హుషారుగా ఉంది. రేపు ఢిల్లీ నుంచి ఎవరో పెద్దవాళ్ళు తమ పని చూడటానికి వస్తున్నారని చెప్పింది. చెబుతూ చెబుతూ గొంతు తగ్గించింది.

"మీ ఇద్దరికీ ఒక సంగతి చెప్పనా? నీలకంఠం గారికి కూడా తెలియదు. చింతగింజంత స్ఫటికం ఒకటి పెంచాను. దానికి రోజుల ముందే తెలుస్తుంది. దాన్ని పెట్టెలో పెట్టి నా కారుకే బిగించుకున్నా."

సామ్రాజ్యానికి అర్థం కాలేదు. "దేనికే?" అంది.

"గుద్దుడు రాబోతోందంటే దీపం వెలిగి ఆరకుండా ఉండిపోతుందమ్మా. అప్పుడు స్కానర్ పెట్టి చదివితే ఏ రోజు, ఏ పూట, ఎంత వేగం, అన్నీ ఉంటాయి. గుద్దుడును ఎట్టాగూ ఆపలేం. నాన్న గొలుసుతో లేపిన రోజే అది తెలిసింది. కానీ ఎప్పుడో తెలిస్తే సర్దుకుని కూర్చోవచ్చు. సంచి ముందే సిద్ధంగా ఉంటుంది. దెబ్బ తప్పకపోయినా ప్రాణం దక్కించుకోవచ్చు కదా."

"మరి వెలిగిందా?" అంది సామ్రాజ్యం.

"లేదు. రోజూ పొద్దున స్టార్టు చేసి ఆరు లెక్కపెట్టి చూస్తా. ఆరిపోయే ఉంటుంది. హమ్మయ్య, ఇంకా చాలా రోజులు ఏ భయమూ లేదనుకుని బయల్దేరతా." ఝాన్సీ నా వంక చూసి నవ్వింది. "నాన్న ఊళ్ళో ఇన్ని దీపాలు ఆర్పాడు గానీ, నా ప్రాణం మాత్రం ఒక దీపం మీదే పెట్టుకున్నా చూడు."

నా చేతిలో ముద్ద కంచంలో పడింది.

"ఏంటి నాన్నా?"

"ఏం లేదే. మిరపకాయ."

చెప్పాల్సింది. అప్పుడే, అక్కడే, ఎంగిలి చేత్తోనే చెప్పాల్సింది. అమ్మా, ఆ దీపం వెలిగింది, మూడుసార్లు వెలిగింది, నేను చదవకుండా తుడిచాను, దాని నోరు నొక్కేశాను అని. నోటిదాకా వచ్చింది. దాని నడినెత్తి కనిపించింది. నా చెయ్యి పెట్టి ఒట్టేసిన చోటు. ఆ ఒట్టు తప్పానని, తప్పుతూనే ఉన్నానని, చివరికి దాని కారులో కూడా పెట్టానని ఏ మొహం పెట్టుకుని చెప్పను? పొద్దున్నే షాపుకు పోయి స్కానర్ తెచ్చి, అది లేచేలోపే రెసిస్టర్ తీసేసి, చిట్టా చదివి, ఆ తర్వాత మెల్లగా చెబుదాం అనుకున్నాను. అది ఎప్పుడూ ఎనిమిదిన్నరకు బయల్దేరుతుంది. కావలసినంత సమయం ఉంది అనుకున్నాను.

తెల్లవారి ఐదింటికే షాపుకు పోయాను. స్కానర్ సంచిలో పెట్టుకుని షట్టరు దించుతున్నాను. మా పాత ఖాతాదారు, లారీ డ్రైవరు బాషా ఎదురొచ్చాడు. "అన్నా, హారన్ పలకట్లేదు, కాస్త చూసిపెట్టవా" అన్నాడు. ఐదు నిమిషాల పనే కదా అని చెయ్యి పెట్టాను. వైరు ఎలక కొరికింది. ఒకటి అతికితే ఇంకోటి బయటపడింది. చెయ్యి పెట్టిన పని సగంలో వదిలేయడం నాకు చేతకాదు. ఇల్లు చేరేసరికి పావుతక్కువ ఏడు.

గేటు తీసి ఉంది. కారు లేదు.

"ఆరున్నరకే పోయింది" అంది సామ్రాజ్యం, ముగ్గు చిప్ప పట్టుకుని. "ఎవరో పెద్దోళ్ళు వస్తన్నారంట కదా. టిఫిన్ కూడా తినలా. అదేందయ్యా, అట్టా చూస్తావ్?"

ఫోన్ చేశాను. నాలుగుసార్లు చేశాను. స్టీరింగు పట్టుకుని ఫోన్ ఎత్తకూడదన్నది దాని నియమం. మా ఇంట్లో నియమం తప్పనిది అదొక్కటే.

స్కూటరు మీద రామవరప్పాడు దాటాను. నిడమానూరు దగ్గర జనం మూగి ఉన్నారు. ఇసుక లారీ ఒకటి రోడ్డు మధ్యలో ఆగిపోయి ఉంది. దాని వెనక తెల్ల కారు. నేను ఆటోనగర్‌లో అంతకన్నా ఘోరంగా నలిగిన బండ్లు చూశాను. వాటిలోంచి మనుషులు తలుపు తీసుకుని దిగి, ఫోన్లు చేసుకుంటూ నడిచిపోయారు. ఇది బానెట్టు వరకే నలిగింది. బెల్టు పెట్టుకునే ఉంది. బెల్టు దాన్ని పట్టింది గానీ తలను పట్టలేదు. తలకూ స్టీరింగుకూ మధ్య రావాల్సినది రాలేదు. స్టీరింగు మీద మూత చెక్కు చెదరకుండా ఉంది. నేను ఎంత బాగా బిగించానో అంత బాగా ఉంది.

ఆస్పత్రికి చేర్చిన అరగంటకు పోయింది. నా కూతురు పోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు పెంచాను, పసుపు టేపు చుట్టిన గింజ ఒకటి పెట్టి చంపుకున్నాను.

పెద్దకర్మ అయిన మర్నాడు నీలకంఠం గారు షాపుకు వచ్చారు. చేతిలో ఒక ప్లాస్టిక్ కవరు. నా స్టూలు మీద కూర్చున్నారు. ఝాన్సీ స్టూలు మీద. లెమ్మని అందామనుకున్నాను, అనలేదు.

"పిచ్చయ్య గారూ, మీ అమ్మాయి పెట్టెను విప్పి చూశాం. పెట్టెలో ఆ స్ఫటికం ఉందని అప్పుడే మాకూ తెలిసింది. మీ షాపు స్కానరుతో మూడుసార్లు తుడిచినట్టు అందులో ఉంది, కానీ తుడుచుకుపోయింది పైనున్న నకలే. స్ఫటికం మీద రాత తుడుపుకు పోదు. అందుకే దీపం మళ్ళీ మళ్ళీ వెలిగింది."

"చదివారా?"

"చదివాం." ఆయన ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. "శనివారం, ఏడు దాటి నాలుగు నిమిషాలు. వేగం యాభై నాలుగు. బెల్టు ఉంది. సంచికి నిప్పు పంపింది. సంచి వైరులో నిరోధం..." అని ఆగారు.

నేనే చదివాను. ఎంతో కష్టపడి, ముప్పై ఎనిమిదేళ్ళలో మొట్టమొదటిసారి ఆ చిట్టాను చదివాను. రెండు పాయింట్ సున్నా సున్నా. ఏ కంపెనీ సంచీ అంత కచ్చితంగా రెండు చూపించదు. ఎప్పుడూ ఎంతో కొంత తేడా ఉంటుంది. కచ్చితంగా రెండు చూపించేది నా డబ్బాలో సరుకు ఒక్కటే.

"ఇది నా రెసిస్టరండీ" అన్నాను.

"తెలుసు. రాత పడిన పూట చూడండి, కింద ఉంది."

మంగళవారం, ఉదయం పది దాటి పన్నెండు నిమిషాలు.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. నేను రెసిస్టర్ పెట్టింది మంగళవారం నాలుగింటికి. పొద్దున పదింటికి స్టీరింగులో అసలు సంచే ఉంది. ఆ రాత పడినప్పుడు నేనింకా కారు దగ్గరికే రాలేదు. అయినా ఆ రాతలో నా రెసిస్టర్ ఉంది. ఆ దీపం వెలగకపోతే నేను కారును షాపుకు తీసుకుపోయేవాణ్ణి కాదు. షాపుకు పోకపోతే రెసిస్టర్ లేదు. రెసిస్టర్ లేకపోతే సంచి విచ్చుకునేది, నా బిడ్డ దిగి నడుచుకుంటూ వచ్చేది. నేను చేయబోయే పనిని చెప్పడానికి దీపం వెలిగింది. దీపం వెలిగిందని నేను ఆ పని చేశాను.

"మీరు బాధపడకండి" అన్నారు నీలకంఠం గారు, శుక్రవారం అన్నం దగ్గర నేను నోరు మూసుకున్న సంగతి కూడా విన్నాక. "ముందే పడిపోయిన రాత అది. మీరు ఏం చేసినా తప్పేది కాదు. శుక్రవారం మీరు చెప్పినా ఇంకో రకంగా ఇక్కడికే వచ్చేది. ఇందులో మీ తప్పు లేదు."

"లేచి పోండి" అన్నాను.

"పిచ్చయ్య గారూ..."

"తప్పు లేదంటారేందండీ? రాత అంటారు, లెక్క అంటారు, మరి ఆ ప్లగ్గు పెట్టింది ఎవరి చెయ్యి? స్ఫటికం వచ్చి పెట్టిందా? నా తప్పన్నా నాకు మిగల్చండి. అది కూడా తీసుకుపోతే నాకు ఏముంది ఇంక?"

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. నేనే అడిగాను. "ఆ పెట్టెలు ఆపేస్తారా?"

"ఆపరు. చాలా మంది ప్రాణాలు దక్కుతాయంటున్నారు ఢిల్లీవాళ్ళు. ఆ దీపం మాత్రం తీసేస్తారు. ముందే తెలియడం వల్లనే కదా ఇదంతా అని."

వెళ్తూ వెళ్తూ కవరు బల్ల మీద పెట్టారు. కారులో దొరికిన ఝాన్సీ వస్తువులని చెప్పారు.

ఇంటికి తీసుకొచ్చాను. సామ్రాజ్యం ఈ పదమూడు రోజులూ నన్ను ఒకటే ప్రశ్న అడుగుతోంది. "ఆ సంచి ఎందుకు విచ్చుకోలేదయ్యా? పిల్ల అంత చదివి చేసిన పెట్టె కదా?" నేను ఏదో ఒకటి గొణిగి బయటికి పోయేవాణ్ణి. నిజం చెబితే నా సంగతి అటుంచండి, తన వేళ్ళ సంగతి తనకు తెలుస్తుంది. అది తెలియకూడదు. ఎలాగైనా తెలియకూడదు. నా దగ్గర కాపాడటానికి మిగిలింది అదొక్కటే అనుకున్నాను.

కవరు మంచం మీద పెట్టి కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాను. అందులో ఏమున్నాయో షాపులోనే చూసి ఉండాల్సింది. చూడలేదు. చదవకుండా తుడిచేవాణ్ణి, చూడకుండా తెచ్చేవాణ్ణి.

తిరిగి వచ్చేసరికి సామ్రాజ్యం కవరును గుమ్మరించి కూర్చుంది. జడపిన్ను, కళ్ళద్దాల పెట్టె, సగం తిన్న నువ్వులుండల పొట్లం. ప్రయోగశాలవాళ్ళు ఎంత పద్ధతిగలవాళ్ళో చూడండి, స్టీరింగులోంచి తీసిన దాన్ని కూడా చిన్న పొట్లంలో పెట్టి, పైన నంబరు వేసి, అందులోనే పెట్టారు.

పొట్లం విప్పి ఉంది. పసుపు టేపు చుట్టిన గింజ ఆమె అరచేతిలో ఉంది. బొటనవేలి గోటితో కొస దగ్గర తడుముతోంది. మడత దొరికింది. ఆ మడతను విప్పి, మళ్ళీ మడిచింది. మళ్ళీ విప్పింది.

"ఇది నేను చుట్టిందే" అంది.

నేను గుమ్మం దగ్గరే నిలబడిపోయాను. అబద్ధం ఒక్కటి కూడా నోటికి రాలేదు. ఇన్నేళ్ళు ఇన్ని పెట్టెలకు చెప్పాను, ఈమెకు చెప్పలేకపోయాను. తల ఊపాను.

ఏడుస్తుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఏమీ చేయలేదు. లేచి, పరుపు ఎత్తి, కింద నుంచి బిస్కెట్ల డబ్బా తీసింది. మూత తీసి చూసింది. అడుగున ఒక నాలుగైదు ఉన్నాయి, మిగతా అంతా ఖాళీ. ఆ డబ్బాను మేం ఎన్నిసార్లు నింపామో, ఎన్నిసార్లు ఖాళీ అయిందో ఆమెకూ తెలియదు, నాకూ తెలియదు.

"తక్కినయన్నీ ఎక్కడున్నాయయ్యా?" అంది.

మా వీధిలో ఏదో కారు వచ్చి, గతుకు దగ్గర మెల్లగా అయి, మళ్ళీ వేగం అందుకుంది. లోపల ఎవరో చిన్నపిల్లలు పాడుతున్నారు. సామ్రాజ్యం డబ్బా పట్టుకుని కిటికీ దగ్గరికి పోయింది. ఆ చప్పుడు సందు మలుపు తిరిగి వినిపించకుండా పోయేదాకా ఇద్దరం అలాగే నిలబడి విన్నాం.